ఆఫ్‌సెట్ స్మోకర్ కావాలా? రంగు కాదు, ముందు ప్లేట్ మందం అడగండి

ఈరోజు టాపిక్ ఆఫ్‌సెట్ స్మోకర్. అంటే ఏంటి? మంట ఒక డబ్బాలో, మాంసం పక్కన ఇంకో డబ్బాలో. మంట మాంసానికి తగలదు, వేడి, పొగ మాత్రమే తగులుతాయి. నాలుగైదు గంటలు అట్లనే వదిలేస్తే మటన్ బొక్క నుంచి ఊడి వస్తది. అంతే కాన్సెప్ట్.

ఈ మధ్య రీల్స్ చూసి చాలామంది "అన్నా, ఏ స్మోకర్ తీసుకోవాలె?" అని అడుగుతున్నరు. నా జవాబు ఒక్క లైన్‌లో చెప్తా, మిగతా వీడియో అంతా దాని ఎక్స్‌ప్లనేషన్. స్మోకర్ కొనేటప్పుడు బ్రాండ్ చూడకండి, రంగు చూడకండి. ఇనుము ఎంత మందమో చూడండి, గాలి ఎటు నుంచి ఎటు పోతుందో చూడండి. ఈ రెండూ కరెక్ట్‌గా ఉంటే నల్గొండలో వెల్డింగ్ షాపులో చేయించిన పెట్టె కూడా అమెరికా దానికి తక్కువ కాదు. ఈ రెండూ లేకపోతే ఎంత మెరిసినా అది పొగ డబ్బా.

పొగ వాసన మనకు కొత్త కాదు

ఒక మాట ముందే చెప్పాలి. ఇది మొత్తానికి మొత్తం విదేశీ రుచి అనుకోకండి. మన ఊళ్ళల్ల దసరాకు మేకను కోసినప్పుడు తలకాయ, కాళ్ళు కట్టెల మంట మీద కాలుస్తరు కదా. ఆ తలకాయ కూరలో వచ్చే వాసన గుర్తుందా? గ్యాస్ పొయ్యి మీద కాల్చితే ఆ వాసన రాదు. ఎందుకంటే ఆ రుచి మంటది కాదు, కట్టెది. ఆఫ్‌సెట్ స్మోకర్ చేసే పని ఆ కట్టె రుచిని మెల్లగా, కంట్రోల్‌లో, లోపలి దాకా పంపడం.

ఈ పెట్టె డిజైన్‌కు పేరు తెచ్చింది టెక్సాస్. అక్కడ ఆయిల్ ఫీల్డ్స్ ఉన్నయి, పాత పైపులు ఉన్నయి, పాత ప్రొపేన్ ట్యాంకులు ఉన్నయి, వెల్డింగ్ వచ్చిన మనుషులు ఉన్నరు. మందపాటి పైపును అడ్డంగా పెట్టి, పక్కన మంట పెట్టె అతికించి, ఇంకో వైపు చిమ్నీ నిలబెట్టిన్రు. గమనించండి, ఇది పుట్టిందే వెల్డింగ్ పని నుంచి. ఆస్టిన్‌లో ఆరన్ ఫ్రాంక్లిన్ అనే ఆయన 2009లో ఒక ట్రైలర్‌లో బార్బెక్యూ మొదలుపెట్టి, 2015లో జేమ్స్ బియర్డ్ అవార్డు దాకా పోయిండు. ఆయన కూడా పాత ట్యాంకులతో స్వయంగా వెల్డింగ్ చేసుకున్నవాడే.

నా బీటెక్ ఫ్రెండ్ ఒకడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటడు. వాని పెరట్లో ఇప్పుడు ఉన్న స్మోకర్ రెండోది. మొదటిది సూపర్ మార్కెట్‌లో డిస్కౌంట్‌లో వచ్చింది, పల్చటి రేకు. ఏడాది తిరిగేసరికి మూత వంగిపోయింది, సందుల్లో నుంచి పొగ. రెండోది బరువు ఎంతంటే నలుగురు కలిసి దించిన్రట. వాడు ఫోన్‌లో ఒకటే మాట అన్నడు: "రేయ్, మొదటిదానికి పెట్టిన పైసలు ఇనుముకు పెట్టలే, పెయింట్‌కు పెట్టిన."

మందం ఎందుకు ముఖ్యం? రుచికి దానికి సంబంధం ఏంటి?

ఇది జాగ్రత్తగా వినండి, మొత్తం వీడియోలో అసలు పాయింట్ ఇదే.

స్మోకర్ లోపల మనకు కావాల్సిన వేడి 110 నుంచి 135 డిగ్రీల సెల్సియస్. మాంసంలో గట్టిగా ఉండే కొల్లాజెన్ మెత్తబడి జెలటిన్ కావాలంటే, మాంసం లోపల 70 డిగ్రీలు దాటి చాలాసేపు ఉండాలి. అందుకే గంటలు పడుతుంది. ఆ గంటలన్నీ వేడి నిలకడగా ఉండాలి.

ఇప్పుడు పల్చటి రేకు స్మోకర్ తీసుకోండి. ఒక కట్టె వేశారు, వేడి ఒక్కసారిగా 170కి ఎగిరింది. మీరేం చేస్తరు? భయపడి గాలి రంధ్రం మూస్తరు. గాలి అందకపోతే కట్టె మండదు, కుములుతది. కుమిలితే తెల్లటి మందపాటి పొగ వస్తది. ఆ పొగ మాంసం మీద పట్టిందంటే చేదు, నాలుక మీద మందు బిళ్ళ పెట్టినట్టు ఉంటది. మనోళ్ళు చాలామంది "బార్బెక్యూ అంటే ఇంతేనా, చేదుగా ఉంది" అంటరు కదా, వాళ్ళు తిన్నది ఈ పొగనే.

మందపాటి ఇనుము అట్ల కాదు. అది వేడిని తాగి దాచుకుంటది. కట్టె వేసినా ఎగరదు, మూత తీసినా వెంటనే పడిపోదు. కాబట్టి మీరు గాలి రంధ్రం తెరిచే ఉంచొచ్చు. చిన్న మంట, ఫుల్ గాలి. అప్పుడు చిమ్నీ నుంచి పల్చగా, నీలంగా, కనబడీ కనబడనట్టు పొగ వస్తది. అదే మంచి పొగ. అంటే చేదు అనేది వంట చేసేవాని చేతిలో మాత్రమే లేదు, సగం ప్లేట్ మందంలోనే ఉంది.

దీనికి మైనస్ కూడా ఉంది, చెప్పకపోతే మోసం. మందపాటి పెట్టె వేడెక్కడానికి గంట దాకా పడుతుంది, మొదట్లో కట్టె ఎక్కువ తింటది. బరువు ఎక్కువ, డాబా మీదికి ఎక్కించాలంటే కష్టం. ఏడాదికి రెండుసార్లు కబాబ్, టిక్కా కాల్చుకోవడానికైతే ఇది కొనకండి. కుంపటి చాలు, బొగ్గులు చాలు. నిజంగా చెప్తున్న.

కొలతలు: స్క్రీన్‌షాట్ తీసుకోండి

షాపుల్లో మందం మూడు రకాలుగా చెప్తరు. ఎం.ఎం. ఒకటి. సూత్ ఒకటి: ఒక సూత్ అంటే అంగుళంలో 8వ వంతు, సుమారు 3 ఎం.ఎం. మూడోది గేజ్. ఇక్కడే జాగ్రత్త: గేజ్ నంబర్ పెరిగితే మందం తగ్గుతుంది. 16 గేజ్ అంటే ఒకటిన్నర ఎం.ఎం. చిల్లర మాత్రమే. "పదహారు గేజ్ సార్, హెవీ" అంటే నవ్వి బయటికి రండి.

ఇంటికి సరిపోయే సైజు నేను చెప్పేది ఇది. వండే గది: 20 అంగుళాల వెడల్పు గుండ్రటి పైపు, 36 అంగుళాల పొడవు. మంట పెట్టె: 16 అంగుళాల చతురస్రపు డబ్బా. మంట పెట్టె లోపలి సైజు వండే గదిలో మూడో వంతు ఉండాలనేది చాలామంది పాటించే లెక్క. వండే గది సుమారు 11,300 ఘనపు అంగుళాలు, మంట పెట్టె సుమారు 4,100. మూడో వంతు కంటే కొంచెం ఎక్కువే, పర్వాలేదు. చిన్నగా ఉంటేనే ఇబ్బంది, అందులో చిన్న మంటకు కూడా ఊపిరి ఆడదు.

మందం: రెండింటికీ 6 ఎం.ఎం., అంటే రెండు సూత్‌ల ప్లేట్. బడ్జెట్ లేదంటే వండే గది 4 ఎం.ఎం.కు దించండి, మంట పెట్టె మాత్రం దించొద్దు. ఎక్కువ వేడి తినేది అదే, ముందు వంగేది అదే.

ఇప్పుడు లెక్క. ఎం.ఎస్. ప్లేట్ ఒక చదరపు మీటరు, ఒక ఎం.ఎం. మందం, 7.85 కిలోలు. మనం చెప్పుకున్న సైజుకు సుమారు 2.85 చదరపు మీటర్ల ప్లేట్ పడుతుంది. 3 ఎం.ఎం. అయితే 67 కిలోలు. 6 ఎం.ఎం. అయితే 134 కిలోలు. కాళ్ళు, జాలీ, చిమ్నీ వేరే. అంటే ఆన్‌లైన్‌లో ఇదే సైజు స్మోకర్ చూసి, కింద స్పెసిఫికేషన్‌లో బరువు 35 కిలోలు అని ఉంటే అది ఎంత మందమో మీరే లెక్క కట్టొచ్చు. ఫొటో అబద్ధం చెప్పొచ్చు గానీ కిలోలు చెప్పలేవు.

వెల్డింగ్ షాపులో కూడా ఇదే ట్రిక్. "మొత్తం ఎంత?" అని అడగకండి. ఈరోజు ప్లేట్ కిలో రేటు ఎంత, మజూరీ ఎంత అని విడివిడిగా అడగండి. రేటు ఇంటూ కిలోలు మీరే చేసుకోండి. బేరం గౌరవంగా జరుగుతది, మేస్త్రీకి కూడా మీకు పని తెలుసని అర్థమవుతది.

గాలి దారి

గాలి మంట పెట్టె కింద నుంచి లోపలికి రావాలి, మంట మీదుగా వండే గదిలోకి పోవాలి, మాంసం మీదుగా అటు చివరికి పోయి చిమ్నీ ఎక్కాలి. ఈ దారిలో ఎక్కడ ఇరుకైనా మంట కుములుతది.

చిమ్నీ 5 అంగుళాల పైపు, రెండున్నర నుంచి మూడు అడుగుల ఎత్తు. చిమ్నీ నోరు వండే గది పైకప్పులో కాదు, జాలీ ఎత్తులో పెట్టమనండి. లేకపోతే వేడి మొత్తం పైన పైననే జారిపోతుంది, కింద మాంసం చూస్తూ కూర్చుంటది. మంట పెట్టె నుంచి వండే గదికి ఉన్న సందు కనీసం చిమ్నీ నోటికంటే పెద్దగా ఉండాలి. ఆ సందు దగ్గర ఒక చిన్న అడ్డు రేకు వంచి పెడితే దగ్గరి మాంసం మాడదు. గాలి రంధ్రానికి జరిపే మూత పెట్టించుకోండి. కింద నూనె, కొవ్వు కారడానికి చిన్న పైపు, దానికి బకెట్ కొక్కెం. ఇది మర్చిపోతే అడుగున కొవ్వు చేరి ఒకరోజు అంటుకుంటది.

వీటి జోలికి పోవద్దు

ఒకటి, పాత గ్యాస్ సిలిండర్. యూట్యూబ్‌లో కోసి చూపిస్తరు. మన ఇంట్లో ఉండే సిలిండర్ మనది కాదు, ఆయిల్ కంపెనీది. మనం కట్టింది డిపాజిట్ మాత్రమే. పైగా లోపల మిగిలిన గ్యాస్‌కు కటింగ్ నిప్పురవ్వ చాలు. ప్రాణం పోతది. ఇందులో జోక్ లేదు.

రెండు, స్క్రాప్‌లో దొరికే పాత డ్రమ్ములు. ఇండస్ట్రీలున్న జడ్చర్ల, చౌటుప్పల్ వైపు మాత్రమే కాదు, ఎక్కడైనా సరే, అందులో ముందు ఏం పోసిన్రో తెలియకపోతే దాంట్లో వండిన ముక్క నోట్లో పెట్టుకోవద్దు. కడిగినా పోని కెమికల్స్ ఉంటయి.

మూడు, జీఐ షీట్, జీఐ పైపు. తుప్పు పట్టదని కొందరు ఇదే వాడదామంటరు. దాని మీద జింక్ పూత ఉంటది. మంట పెట్టె వేడికి ఆ పూత కాలి వచ్చే పొగ పీలిస్తే జ్వరం, వణుకు పట్టుకుంటయి. మామూలు ఎం.ఎస్. ప్లేట్ తీసుకోండి. లోపల పెయింట్ వద్దు. నూనె రాసి రెండు మూడు గంటలు ఖాళీగా మంట పెడితే అదే నల్లటి పూత అవుతది. బయట మాత్రం వేడి తట్టుకునే పెయింట్. మన దగ్గర వానాకాలంలో కప్పి పెట్టకపోతే తుప్పు ఖాయం.

డబ్బు పూర్తిగా ఇచ్చే ముందు నాలుగు టెస్టులు

ఒకటి, సాయంత్రం చీకటి పడ్డాక ఫోన్ టార్చ్ ఆన్ చేసి లోపల పెట్టి మూత వేయండి. ఎక్కడ వెలుతురు కనబడితే అక్కడ లీక్. రెండు, మూత మధ్యలో కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా జారిపోతే మూత సరిగా కూర్చోలేదు. చుట్టూ నాలుగైదు చోట్ల లాగి చూడండి.

మూడు, షాపులోనే గంటన్నర మంట పెట్టించండి. చిమ్నీ వైపు ఒకటి, మంట వైపు ఒకటి, జాలీ ఎత్తులో రెండు థర్మామీటర్లు. రెండింటి మధ్య 15 డిగ్రీల లోపు తేడా ఉంటే బంగారం. మూత మీద బిగించిన మీటర్‌ను నమ్మకండి, అది పైన గాలి వేడి చెప్తది, మాంసం దగ్గరి వేడి కాదు. నాలుగు, జాలీ మీద వరుసగా బ్రెడ్ ముక్కలు పరచండి. పావుగంట తర్వాత ఏ ముక్క నల్లబడింది, ఏది తెల్లగా ఉంది, మీ స్మోకర్ మ్యాప్ మొత్తం కనబడుతది. ఖర్చు ఒక బ్రెడ్ ప్యాకెట్.

ఈ నాలుగూ చేసేదాకా చివరి పేమెంట్ ఆపుతానని ముందే మాట్లాడుకోండి. మంచి మేస్త్రీ ఎవరూ కాదనరు.

కట్టె మన దగ్గరే ఉంది

టెక్సాస్‌లో వాడే కట్టెల్లో ఒకటి మెస్కీట్. పేరు గొప్పగా ఉంది కదా? దాని దగ్గరి చుట్టం మన చెరువు కట్టల మీద, బీడు భూముల్లో అడవిలా పెరిగి ఉంది. అదే సర్కారు తుమ్మ. 1877లో జమైకా నుంచి తెప్పించిన విత్తనాలను కడప జిల్లా కమలాపురంలో నాటినట్టు రికార్డు. ఇప్పుడు దాన్ని పీకలేక రైతులు తల పట్టుకుంటున్నరు. మన జమ్మి చెట్టు కూడా వీటికి చుట్టమే. కానీ జమ్మి మన రాష్ట్ర వృక్షం, దసరాకు మొక్కే చెట్టు, దాని మీద చెయ్యి వేయొద్దు.

సర్కారు తుమ్మ బాగా వేడి ఇస్తది, కానీ పొగ ఘాటు. మొత్తం అదే వేస్తే మేక మాంసం రుచి కనబడదు. వేడికి తుమ్మ, వాసనకు పండ్ల చెట్టు, ఇట్ల కలపండి. నల్గొండ వైపు బత్తాయి తోటలు ఉన్నయి, కొమ్మలు కొట్టినప్పుడు అడగండి. కొల్లాపూర్ వైపు మామిడి ఉంది. జామ కూడా మంచిదే. వేప వద్దు, చేదు. నీలగిరి వద్దు. రంగు వేసిన పాత దర్వాజ చెక్క, ప్లైవుడ్ అసలే వద్దు. గన్నేరు విషం, దాని పుల్ల కూడా దగ్గరికి రానియ్యొద్దు.

కట్టె ఎండి ఉండాలి. చివర పగుళ్ళు కనబడాలి, రెండు ముక్కలు కొడితే టంగ్ మని మోగాలి. పచ్చిదైతే దబ్ మంటది. ముంజేతి మందం చీలికలు సరిపోతయి.

వ్యాపారం చేద్దామనుకునే తమ్ముళ్ళకు

చిట్యాల నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టిండు. రెండేళ్ళు డెలివరీ చేసి అరవై వేలు జమ చేసిండట. శని, ఆదివారాలు విజయవాడ హైవే పక్కన స్మోక్డ్ మటన్ స్టాల్ పెట్టాలని ప్లాన్. ఆన్‌లైన్‌లో మెరిసే స్మోకర్ ఒకటి చూసిండు, లింక్ పంపిండు. నేను బరువు చూసిన. 40 కిలోలు కూడా లేదు. "తమ్మీ, ఆగు" అన్న.

అట్లాంటి ఆలోచన ఉన్నవాళ్ళందరికీ చెప్పేది ఇదే. రెండేళ్ళ చెమట ఒక్క క్లిక్‌లో పెట్టకండి. ఇంటి పెరట్లో ఒకరు కూర్చొని పల్చటి పెట్టెను ఎట్లనో మేనేజ్ చేసుకోవచ్చు. రోడ్డు మీద గాలి కొడుతుంటే, కస్టమర్ వచ్చిన ప్రతిసారీ మూత తీస్తుంటే, అది మేనేజ్ కాదు. మందపాటి చిన్నదాంతో మొదలుపెట్టండి, పల్చటి పెద్దదాంతో కాదు.

ఇంకో లెక్క: మటన్ ఇట్ల వండితే బరువు మూడో వంతు దాకా తగ్గొచ్చు. పచ్చి మటన్ రేటు మీద ధర పెడితే మునిగిపోతరు, వండిన తర్వాతి బరువు మీద పెట్టండి. తొడ కంటే జబ్బ నయం, కొవ్వు, నరం ఎక్కువ, ఎండిపోదు. కిలోన్నర జబ్బకు నాలుగైదు గంటలు పెట్టుకోండి. చికెన్ అయితే లోపల 74 డిగ్రీలు దాటిందో లేదో థర్మామీటర్ గుచ్చి చూడాల్సిందే, కంటితో చెప్పలేం. ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ చేయించండి. అమ్మే ముందు నెల రోజులు ఇంట్లో, చుట్టాలకు వండి పెట్టండి. మన మేనత్తల కంటే కఠినమైన రివ్యూ ఏ యాప్‌లో రాదు.

చివరగా సేఫ్టీ. షెడ్డులో, వరండాలో, పోర్షన్ సందులో వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మూసిన చోట మనిషిని నిద్రలోనే తీసుకుపోతది. ఆరుబయట పెట్టండి, గడ్డివాముకు దూరంగా. పక్కన బకెట్ నిండా ఇసుక ఉంచండి. పక్కింటోళ్ళు బట్టలు ఆరేసిన రోజు మాత్రం వెలిగించకండి, స్మోకర్ మంచిదే గానీ పక్కింటి అక్క తిట్లు ఇంకా ఘాటుగా ఉంటయి.

మీ ఊరి వెల్డింగ్ షాపులో ప్లేట్ కిలో రేటు ఎంత ఉందో కింద రాయండి, ఊరి పేరుతో సహా. అందరి రేట్లు ఒకచోట ఉంటే కొనేవాళ్ళకు పనికొస్తది. వచ్చే ఎపిసోడ్‌లో జబ్బకు మసాలా ఎట్ల పట్టించాలె, మంటను గంట గంటకు ఎట్ల చూసుకోవాలె, అది మాట్లాడుకుందాం. ఉంటా మరి, బై.